కె టైపు థర్మోకపుల్ వైరు నుంచి మీరే తయారు చేసుకోవడం ఎలా, సరిచూసుకోవడం ఎలా

"ఫర్నేసులో థర్మోకపుల్ పోయింది. కొత్తదానికి వారం పడుతుందంటున్నారు. వైరు చుట్ట దగ్గరే ఉంది, రెండు కొసలూ మెలేసి పెట్టేయొచ్చా?" హీట్ ట్రీట్‌మెంట్ షెడ్ల వాళ్లు, సిరామిక్ బట్టీలు నడిపేవాళ్లు, కాలేజీ ప్రాజెక్టు పిల్లలు, అందరూ చివరికి అడిగేది ఇదే. వైరు నుంచి చేసుకోవచ్చు. కానీ మెలేసి వదిలేస్తే కుదరదు. ఒక పూటలో అయ్యే పనే, చేశాక సరిచూసుకోవడం మాత్రం మానకండి.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం. థర్మోకపుల్ అంటే రెండు వేర్వేరు లోహాల వైర్లని కొసన కలిపి, వేడికి పుట్టే వోల్టేజితో ఆ వేడి ఎంతో కొలిచే సాధనం. కొసన ఉండే ముద్దే కొలుస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కొలిచేది వైరంతా. వేడి చోటు నుంచి చల్లటి చోటుకి వచ్చే దారిలో, వైరు పొడవునా వోల్టేజి పుడుతుంది. కొసన ముద్ద చేసే పని రెండు వైర్లనీ కలపడం, అంతే. కింద చెప్పే తప్పుల్లో సగానికి పైగా ఈ ఒక్క మాట మరిచిపోవడం వల్ల జరిగేవే.

కె టైపులో రెండూ నికెల్ మిశ్రమాలే. పాజిటివ్ వైరు క్రోమెల్: 90 శాతం నికెల్, 10 శాతం క్రోమియం. నెగెటివ్ వైరు అలుమెల్: దాదాపు 95 శాతం నికెల్, మిగతాది అల్యూమినియం, మాంగనీసు, సిలికాన్. రెండూ కలిస్తే డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు వస్తాయి. నికెల్, క్రోమియం కలయికకి 1906లో అమెరికాలో పేటెంటు తీసుకున్న ఆల్బర్ట్ మార్ష్ పుణ్యమే మన హీటర్ కాయిల్స్‌లో తిరిగే నైక్రోమ్ కూడా. సిద్ధాంతం ఇంతటితో చాలు.

ఇంకో మాట. మీది మందుల కంపెనీ అయినా, విమాన భాగాలకి హీట్ ట్రీట్‌మెంట్ చేసే షాపు అయినా, ఆడిట్‌లో సర్టిఫికెట్ అడుగుతారు. అక్కడ సొంతంగా చేసింది పెట్టకండి. ల్యాబులకి గుర్తింపునిచ్చే సంస్థ ఎన్.ఎ.బి.ఎల్. ఒప్పుకున్న ల్యాబులో కాలిబ్రేట్ అయినదే కొనండి.

కావలసినవి

- క్రోమెల్, అలుమెల్ వైరు జత. రెండూ ఒకే తయారీదారువి, ఒకే జతగా అమ్మినవి అయ్యుండాలి. విడివిడిగా దొరికిన ముక్కల్ని జత కట్టొద్దు.
- చిన్న అయస్కాంతం. పాత స్పీకర్లోది కూడా పనికొస్తుంది.
- మిల్లీవోల్టులు చూపే మల్టీమీటరు. 200 మిల్లీవోల్టుల రేంజి ఉంటే చాలు.
- రెండు రంధ్రాల పింగాణీ పూసలు, రక్షణ ట్యూబు, టెర్మినల్ హెడ్ (ట్యూబు పైన వైర్లు కేబుల్‌తో కలిసే డబ్బీ).
- కె టైపు ఎక్స్‌టెన్షన్ కేబుల్. రాగి వైరు కాదు.
- ఎమరీ పేపరు, నోస్ ప్లయర్, భూతద్దం.
- ఆర్గాన్ వెల్డింగ్ సెట్టు, లేదా గ్యాస్‌తో ఆక్సిజన్ కలిపే టార్చి, వెలిగారం.
- పొడిచేసిన ఐసు, నీళ్లు మరిగించే గిన్నె, సన్నటి గాజు టెస్ట్ ట్యూబు, కాస్త నూనె.

1. వైరు మందం ఎంచుకోండి

సన్నది త్వరగా స్పందిస్తుంది, త్వరగా చస్తుంది కూడా. రక్షణ ట్యూబులో పెట్టి ఎక్కువ కాలం నడపాలంటే ఈ హద్దులు దాటకండి: 0.5 మి.మీ. వైరుకి 870 డిగ్రీలు, 0.8 మి.మీ.కి 980, 1.6 మి.మీ.కి 1090, 3.25 మి.మీ.కి 1260. "కె టైపు 1260 దాకా పనిచేస్తుంది" అని క్యాటలాగులో చూసి, 0.5 మి.మీ. వైరుని 1200 డిగ్రీల బట్టీలో పెట్టేవాళ్లు ఉన్నారు. ఆ 1260 లావు వైరు మాట. 1000 దాటి రోజుల తరబడి నడిచే బట్టీకైతే ఎన్ టైపు గురించి ఆలోచించండి. అదీ నికెల్ మిశ్రమాల జతే, కానీ సిలికాన్ మోతాదు పెంచి, కె టైపు రోగాలు తగ్గేలా తయారుచేసింది. వేడి చూపిస్తూ హీటర్లని నడిపే కంట్రోలర్‌లో ఎన్ టైపు ఆప్షన్ ఉందో లేదో చూసుకున్నాకే కొనండి.

2. ఏది పాజిటివో తేల్చుకోండి

ఇక్కడ తొందరపడకండి. రంగుల్ని నమ్మారా, మునిగారు. అమెరికా పద్ధతిలో పసుపు పాజిటివ్, ఎరుపు నెగెటివ్. అవును, ఎరుపే నెగెటివ్. ఇప్పటి అంతర్జాతీయ పద్ధతిలో ఆకుపచ్చ పాజిటివ్, తెలుపు నెగెటివ్. పాత జర్మన్ పద్ధతిలో ఎరుపు పాజిటివ్, ఆకుపచ్చ నెగెటివ్. పాత బ్రిటిష్ కేబుల్‌లో గోధుమ రంగు పాజిటివ్, నీలం నెగెటివ్. మన షెడ్లలో ఇవన్నీ కలిసే ఉంటాయి. పాత యంత్రంతో ఒకటి, చైనా కంట్రోలర్‌తో ఒకటి, దుకాణంలో కొన్నది ఇంకొకటి. ఆకుపచ్చ ఒకచోట పాజిటివ్, ఇంకోచోట నెగెటివ్ అయినప్పుడు రంగు చూసి ఏం లాభం?

అయస్కాంతం అబద్ధం చెప్పదు. ఇన్సులేషన్ కొంచెం తీసి, రెండు వైర్లకీ అయస్కాంతం తాకించండి. అతుక్కునేది అలుమెల్, అంటే నెగెటివ్. అతుక్కోనిది క్రోమెల్, అంటే పాజిటివ్. వైరు సన్నగా ఉంటే అయస్కాంతాన్ని దారానికి కట్టి దగ్గరికి తీసుకెళ్లండి, అది ఊగడం కనిపిస్తుంది.

రెండు జాగ్రత్తలు. వైరు చల్లగా ఉన్నప్పుడే ఈ పరీక్ష చేయాలి, సుమారు 150 డిగ్రీలు దాటితే అలుమెల్ కూడా అయస్కాంతాన్ని పట్టదు. రెండోది, చేతిలో ఉన్నది కె టైపేనా అన్నది ముందు చూసుకోండి. జె టైపులో ఇనుము, కాన్‌స్టంటాన్ (రాగి, నికెల్ మిశ్రమం) ఉంటాయి. అందులో అయస్కాంతానికి అతుక్కునేది ఇనుము, అది పాజిటివ్! పూర్తిగా తలకిందులు. జె టైపులో ఒక వైరు కొసన తుప్పు కనిపిస్తుంది. కె టైపులో తుప్పు ఉండదు.

అనుమానం తీరకపోతే నిరోధం కొలవండి. 0.5 మి.మీ. వైరు ఒక మీటరు తీసుకుంటే క్రోమెల్ సుమారు 3.6 ఓములు, అలుమెల్ సుమారు 1.5 ఓములు చూపాలి. మీటరు ప్రోబులు రెండూ ఒకదానికొకటి తాకించినప్పుడు కనిపించే అంకెని ముందే తీసేయడం మరవకండి. చిన్న నిరోధాల దగ్గర అదే లెక్క తప్పిస్తుంది.

తేలిన వెంటనే నెగెటివ్ వైరుకి టేపు చుట్టి గుర్తు పెట్టండి.

3. కొసలు శుభ్రం చేయండి

రెండు అంగుళాలు ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, స్పిరిట్‌తో తుడవండి. కటింగ్ ఆయిల్, గ్రీజు, రబ్బరు తునకలు ఏవీ మిగలకూడదు. వాటిలోని గంధకం వేడికి నికెల్‌ని కొరికేస్తుంది, వైరు పెళుసుబారి తుంచితే తునుగుతుంది. నూనె చేతులతో పట్టుకోవద్దు అనేది అందుకే.

వైరుని పదే పదే వంచి తిన్నగా చేయడం, ప్లయర్‌తో నొక్కి గాట్లు పెట్టడం కూడా మానండి. వంపు పడిన చోట లోహం గుణం కొంచెం మారుతుంది.

4. కొసలు కలపండి

రెండు కొసల్నీ రెండు మెలికలు వేయండి, అంతకన్నా ఎక్కువ వద్దు. పొడవుగా మెలేస్తే మీటరు కొలిచేది కొసన ఉన్న వేడిని కాదు, కంట్రోలర్ వైపు నుంచి వస్తుంటే రెండు వైర్లూ మొదట తాకే చోట ఉన్న వేడిని. కొస 900 డిగ్రీల్లో ఉన్నా, మెలిక మొదలు గోడ దగ్గర ఉంటే తక్కువ చూపుతుంది.

తర్వాత కొసని కరిగించాలి. అన్నిటికన్నా మంచిది ఆర్గాన్ వెల్డింగ్. వెల్డింగ్ షాపులో ఇస్తే నిమిషం పని. ఫిల్లర్ రాడ్ వేయొద్దని, కరెంటు తగ్గించి పెట్టమని, కొస ఒక్కసారి ముద్ద కట్టగానే ఆపేయమని చెప్పండి. మళ్లీ మళ్లీ కరిగిస్తే ముద్ద బోలుగా, గరుకుగా తయారవుతుంది.

అది దొరక్కపోతే గ్యాస్, ఆక్సిజన్ టార్చి. కంసాలులు వాడే రకం సరిపోతుంది. మెలిక కొసని కొద్దిగా వేడిచేసి వెలిగారంలో ముంచి, మళ్లీ మంటలో పెట్టండి. ఈ మిశ్రమాలు 1400 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతాయి, కాబట్టి ఉత్త గ్యాస్ బర్నరుతో లావు వైరు కరగదు. మంట పసుపుగా, పొగలు కక్కుతూ ఉండకూడదు, ఆక్సిజన్ చాలని మంట క్రోమెల్‌ని పాడుచేస్తుంది. అయ్యాక వెలిగారం పెంకుని వేడినీళ్లలో నానబెట్టి పూర్తిగా తీసేయండి. అది మిగిలితే ఫర్నేసులో వైరుని తింటుంది.

సన్నటి వైర్లకి 12 వోల్టుల బ్యాటరీతో, పాత సెల్లులోని కార్బన్ కడ్డీకి తాకించి ముద్ద కట్టించే పద్ధతి ఒకటుంది. పనిచేస్తుంది, కానీ వెల్డింగ్ అద్దాలు లేకుండా చేయకండి. బ్యాటరీ మీద వంగి అస్సలు చేయకండి, అక్కడ చేరే హైడ్రోజన్‌కి ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంటి కరెంటుతో నేరుగా వెల్డింగ్ చేసే వీడియోలు చూసి ఉంటారు. ఆ పని పెట్టుకోవద్దు.

మామూలు టంకం పెట్టొచ్చా అని అడుగుతారు. 100 డిగ్రీల లోపు పనికి పెట్టొచ్చు. మధ్యలో మూడో లోహం ఉన్నా, ఆ ముద్ద మొత్తం ఒకే వేడిలో ఉన్నంతవరకూ కొలతలో తేడా రాదు. కాకపోతే మామూలు ఫ్లక్స్‌తో నికెల్ మిశ్రమాలకి టంకం సరిగా అంటదు.

5. ముద్దని పరిశీలించండి

భూతద్దంలో చూస్తే గుండ్రంగా, నునుపుగా ఉండాలి. వైరు మందానికి రెట్టింపు ఉంటే చాలు. పగుళ్లు, సూదిమొన రంధ్రాలు కనిపిస్తే కత్తిరించి మళ్లీ చేయండి. రెండు వైర్లనీ చెరోవైపు లాగి చూడండి, ఊడేదైతే ఇప్పుడే ఊడాలి. తర్వాత మల్టీమీటరు: 0.5 మి.మీ. జత అయితే మీటరు పొడవుకి మొత్తం ఐదు ఓముల పైచిలుకు. వైరుని కదిలిస్తుంటే అంకె ఊగకూడదు.

6. పూసలు, ట్యూబు

వైర్లని పూసల రంధ్రాల్లోంచి దూర్చండి. పూసల మధ్య ఖాళీలో వైర్లు ఒకదానికొకటి తాకితే అక్కడే కొత్త జాయింటు పుట్టినట్టు. ఫైబర్‌గ్లాస్ అల్లిక సుమారు 480 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, ఆపైన పింగాణీనే దిక్కు.

ట్యూబు మరీ ఇరుకుగా, పొడవుగా ఉండి లోపల గాలి ఆడకపోతే, 800 నుంచి 1050 డిగ్రీల మధ్య క్రోమెల్‌కి ఒక జబ్బు వస్తుంది. ఉన్న కాస్త ఆక్సిజన్‌తో క్రోమియం మాత్రమే కాలిపోయి, వైరు మీద ఆకుపచ్చ పొర కడుతుంది. అప్పటినుంచి రీడింగ్ తగ్గుతూ పోతుంది. కంట్రోలర్ పాపం ఇంకా వేడి చాలలేదనుకుని హీటర్లని తిప్పుతూనే ఉంటుంది, లోపల సరుకు మాడుతుంది. కొంచెం వెడల్పు ట్యూబు వాడండి, లేదా గాలి అసలే చొరబడకుండా లోహపు తొడుగులో మూసేసిన షీత్ రకం కొనండి.

ట్యూబు ఫర్నేసులోకి దాని మందానికి కనీసం పది రెట్లు లోపలికి వెళ్లాలి. బిగించే ముందు మెయిన్ స్విచ్ ఆపేయండి. వేడెక్కిన ఇటుక కరెంటుని కొంత పారనిస్తుంది, హీటర్ కాయిల్‌కి ట్యూబు తాకినా ప్రమాదమే.

7. కంట్రోలర్ దాకా కేబుల్

టెర్మినల్ హెడ్ నుంచి కంట్రోలర్ దాకా కె టైపు ఎక్స్‌టెన్షన్ కేబులే వేయాలి. "మామూలు రాగి వైరు వేశాను, పనిచేస్తోందిగా" అంటారు. పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. హెడ్ దగ్గర 60 డిగ్రీలు, ప్యానెల్ దగ్గర 35 ఉన్నాయనుకోండి. రాగి వేస్తే కంట్రోలర్ దాదాపు 25 డిగ్రీలు తక్కువ చూపుతుంది. పైగా ఆ తేడా స్థిరంగా ఉండదు, ఫర్నేసు గోడ వేడెక్కేకొద్దీ పెరుగుతుంది. అందుకే ఆఫ్‌సెట్ పెట్టి, అంటే రీడింగ్‌కి ఎప్పుడూ ఒకే అంకె కలిపి, సర్దుకుందామంటే కుదరదు.

కేబుల్ రెండు కొసలకీ మళ్లీ అయస్కాంతం పెట్టి, పాజిటివ్‌కి పాజిటివ్, నెగెటివ్‌కి నెగెటివ్ కలపండి. హీటర్ల పవర్ కేబుల్‌తో కలిపి ఒకే పైపులో లాగొద్దు.

8. కంట్రోలర్ సెట్టింగ్

ఇన్‌పుట్ టైపు కె అని పెట్టండి. తర్వాత థర్మోకపుల్ విప్పేసి, ఇన్‌పుట్ టెర్మినళ్లు రెండింటినీ చిన్న రాగి ముక్కతో కలపండి. గది వేడి చూపాలి. కాసేపు ఆగినా ఐదారు డిగ్రీలు తేడా ఉంటే లోపం కంట్రోలర్‌లో ఉంది, మీ వైరులో కాదు. అరనిమిషం పరీక్ష, ఎందుకో ఎవరూ చేయరు.

ప్రాజెక్టుల్లో థర్మోకపుల్ వోల్టేజిని డిగ్రీలుగా మార్చే మ్యాక్స్ 6675 బోర్డు వాడే పిల్లలకి: అది కె టైపుకే, 1024 డిగ్రీల లోపే. ముద్ద నేరుగా యంత్రం లోహానికి తాకుతూ, ఆ యంత్రం ఎర్త్ అయి ఉంటే అంకెలు పిచ్చిగా గెంతుతాయి. ముద్ద లోహానికి తగలని ప్రోబు వాడండి.

9. సరిచూసుకోండి

ముందు చేతివేళ్లతో ముద్దని పట్టుకోండి. అంకె పెరగాలి. తగ్గితే తీగలు తారుమారయ్యాయి.

తర్వాత ఐసు. పొడిచేసిన ఐసులో, అది మునిగీ మునగనట్టు మంచినీళ్లు పోసి కలియబెట్టి, కొన్ని నిమిషాలు ఆగండి. ఉప్పు వేయకండి. అడుగున ఉత్త నీళ్లు చేరితే వంపేసి ఐసు వేయండి. ముద్దని నేరుగా నీళ్లలో ముంచకుండా, కాస్త నూనె పోసిన టెస్ట్ ట్యూబులో పెట్టి ఆ ట్యూబుని ఐసులో దించండి. కంట్రోలర్ సున్నాకి అటూ ఇటూ రెండున్నర డిగ్రీల లోపు చూపాలి.

ఆపైన మరిగే నీళ్లు. 100 చూపలేదని కంగారు పడొద్దు. విశాఖపట్నంలో, మచిలీపట్నంలో నీళ్లు 100 దగ్గర మరుగుతాయి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, అక్కడ 98 దగ్గరే మరుగుతాయి. బెంగళూరులో 97. ట్యూబు గిన్నె అడుగుకి తగలకూడదు.

కంట్రోలర్ లేకుండా మల్టీమీటరుతో చూస్తే కొంచెం లెక్క ఉంటుంది. మీటరు చూపేది ముద్దకీ, మీటరు కొసకీ మధ్య తేడా మాత్రమే. ఏ వేడికి ఎన్ని మిల్లీవోల్టులో చెప్పే కె టైపు పట్టికలో 100 డిగ్రీలకి 4.096 మిల్లీవోల్టులు, 30 డిగ్రీలకి 1.203. గది 30 ఉన్నప్పుడు, 100 డిగ్రీల నీళ్లలో పెడితే మీటరు సుమారు 2.9 చూపాలి. హైదరాబాదులో 98కి 4.013 కాబట్టి 2.8. ఐసులో పెడితే మైనస్ 1.2. పెద్ద వేడి కొలిచేటప్పుడు కూడా ముందు మీటరు చూపినదానికి గది వేడి తాలూకు మిల్లీవోల్టులు కూడి, ఆ మొత్తాన్ని పట్టికలో చూడండి. మిల్లీవోల్టుని డిగ్రీలుగా మార్చి, దానికి గది వేడి కలిపితే లెక్క తేడా వస్తుంది, పట్టిక సరళరేఖ కాదు కాబట్టి. 500కి 20.644, 1000కి 41.276 గుర్తుంచుకుంటే అవసరానికి పనికొస్తాయి.

ఐసూ, నీళ్లూ పాసయితే కలయిక సరైనదని తెలుస్తుంది. 900 దగ్గర ఎలా ఉందో తెలియదు. దానికి, నమ్మకమైన కొత్త థర్మోకపుల్ ఒకటి పక్కనే, రెండు కొసలూ ఆనుకునేలా అదే రంధ్రంలోంచి పెట్టి, ఫర్నేసు నిలకడ పడ్డాక రెండూ చూడండి. సిరామిక్ వాళ్లు పక్కన కోన్‌లు (తగిన వేడి తగిలితే వంగిపోయే మట్టి శంకువులు) పెట్టుకోవచ్చు. మామూలు గ్రేడు వైరుకి అనుమతించిన తేడా 2.5 డిగ్రీలు లేదా కొలతలో 0.75 శాతం, ఏది ఎక్కువైతే అది. అంటే 1000 దగ్గర ఏడున్నర డిగ్రీలు. అక్కడ ఒక్క డిగ్రీ కోసం కొట్టుకోవడం దండగ.

ఎక్కువగా జరిగే తప్పులు

అన్నిటికన్నా మోసకారి తప్పు, ఎక్స్‌టెన్షన్ కేబుల్ రెండు చివర్లా తారుమారు కావడం. హెడ్ దగ్గర ఒకరు తప్పు కలుపుతారు. రీడింగ్ దిగుతుంటే ఇంకొకరొచ్చి ప్యానెల్ దగ్గర మారుస్తారు. రీడింగ్ పెరుగుతుంది, అంతా సంతోషిస్తారు. నిజానికి తేడా రెట్టింపయింది: పైన చెప్పిన 60, 35 లెక్కలో ఇప్పుడు 50 డిగ్రీలు తక్కువ చూపుతోంది. దీన్ని ఐసు పరీక్ష పట్టుకోదు, ఎందుకంటే బల్ల మీద హెడ్, ప్యానెల్ ఒకే వేడిలో ఉంటాయి. అయస్కాంతం పట్టుకుంటుంది. లేదా హెడ్ మీద హెయిర్ డ్రయర్‌తో వేడిగాలి కొట్టండి. కలయిక సరిగా ఉంటే రీడింగ్ పెద్దగా కదలదు, తారుమారైతే దిగిపోతుంది.

రెండోది, పాడైన కొసని రెండంగుళాలు కత్తిరించి మళ్లీ వెల్డింగ్ చేయడం. పొదుపుగా అనిపిస్తుంది. కానీ ఇన్నాళ్లూ మంటలో కాలి గుణం మారిన ముక్క ఇప్పుడు జరిగి, గోడ దగ్గర వేడి దిగే చోటుకి వస్తుంది. వోల్టేజి పుట్టేదే అక్కడ. ముద్ద కొత్తదే, రీడింగ్ మాత్రం తప్పు. కత్తిరిస్తే ఫర్నేసులో ఉన్న భాగం మొత్తం, గోడలో ఉన్నదానితో సహా తీసేయండి. వైరు చాలకపోతే కొత్తది తీసుకోండి.

దీనికి చుట్టమే మరొకటి: నెలల తరబడి నడిచిన థర్మోకపుల్‌ని బయటికి లాగి, వేరే చిన్న ఫర్నేసులో పరీక్షించి "బాగానే ఉంది" అనుకోవడం. ఫర్నేసు మారితే వేడి దిగే చోటూ మారుతుంది, అంకే మారుతుంది. ఉన్నచోటే ఉంచి, పక్కన కొత్తది పెట్టి పోల్చండి.

300 నుంచి 550 డిగ్రీల మధ్య పనిచేసేవాళ్లకి ఒకే వేడి దగ్గర ఎక్కేటప్పుడు ఒక అంకె, దిగేటప్పుడు ఇంకో అంకె కనిపిస్తే మీ వెల్డింగ్‌ని తిట్టుకోకండి. ఆ పరిధిలో క్రోమెల్‌లో పరమాణువుల అమరిక మారడం వల్ల రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ కావడం కె టైపుకి సహజం.

ఎప్పుడు పారేయాలి

పాత క్రోమెల్ వైరుని చల్లారాక అయస్కాంతానికి చూపండి. కొత్తప్పుడు అతుక్కోనిది ఇప్పుడు అతుక్కుంటోందంటే క్రోమియం పోయిందన్నమాట. పొర గీకితే ఆకుపచ్చగా కనిపించినా, వేలితో వంచితే విరిగినా అంతే. ఇక దానికి ఆఫ్‌సెట్లు పెట్టి నెట్టుకురావద్దు. తీసిన వైరు ముక్కల్ని కొత్త చుట్ట పక్కన పెట్టకండి, హడావిడిలో ఎవరో ఒకరు తీసి వాడేస్తారు.